చేయి ఊనకుండా లేవడం: అరవై దాటినవారి వ్యాయామానికి సమగ్ర మార్గదర్శి

వ్యాయామం చేస్తున్నారా అని పెద్దవాళ్లను అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు "రోజూ వాకింగ్ చేస్తున్నా" అనే. మంచి అలవాటే. గుండెకు, షుగర్‌కు, నిద్రకు నడక చేసే మేలు తక్కువేమీ కాదు. కానీ ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా నడిచేవాళ్లు కూడా పల్లంగా ఉన్న సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ ఊనుతారు. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ వదలరు. నేల మీద కూర్చుంటే లేపడానికి ఎవరో ఒకరు ఉండాలి.

చదునైన దారిలో నడిచేటప్పుడు తొడ కండరం తన బలంలో కొద్ది భాగమే వాడుతుంది. కుర్చీలోంచి లేవాలంటే ఒంటి బరువులో ఎక్కువ భాగాన్ని ఆ కండరమే పైకి నెట్టాలి. ఈ రెండూ వేర్వేరు పనులు. మొదటిది ఎంత చేసినా రెండోది దానంతట అది రాదు. అందుకే ఈ మార్గదర్శిలో నడకకు తక్కువ చోటు, లేవడానికీ నిలబడటానికీ ఎక్కువ చోటు ఇచ్చాను.

ముప్పై దాటాక పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుందని అంచనా. అరవై తర్వాత ఆ తగ్గుదల ఇంకా వేగం అందుకుంటుంది. కండకంటే బలం ముందు తగ్గుతుంది, బలంకంటే చురుకుదనం ఇంకా ముందు తగ్గుతుంది. కాలు తట్టుకున్నప్పుడు చటుక్కున అడుగు ముందుకు వేసి తమాయించుకోవడానికి పనికొచ్చే వేగమైన కండర పోగులే ఎక్కువగా సన్నబడతాయి. ఇలా వయసుతో కండ కరగడాన్ని వైద్యులు సార్కోపీనియా అంటారు.

ఈ వయసులో ఇంకేం బలం వస్తుందిలే అనుకునేవారు 1990లో అమెరికాలో మరియా ఫియటరోన్ బృందం చేసిన పని గురించి తెలుసుకోవాలి. వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంటున్న, సగటు వయసు 90 ఏళ్లున్న పదిమందిచేత 8 వారాలపాటు తొడలకు బరువులతో వ్యాయామం చేయించారు. చివరిదాకా నిలిచిన తొమ్మిదిమందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తేలికపాటి చేతులూపుడు వ్యాయామాలతో వచ్చిన ఫలితం కాదది. వాళ్లు ఎత్తింది నిజంగా బరువనిపించే బరువులే.

మొదటి మెట్టు: ముందుగా డాక్టర్‌ను అడగాల్సినవారు

అందరూ పరీక్షలన్నీ చేయించుకుని మొదలుపెట్టాలని లేదు. అయితే కొందరు మాత్రం ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. శ్రమపడితే ఛాతీలో నొప్పో బరువో అనిపించేవారు, కూర్చున్నా ఆయాసం వచ్చేవారు, ఈమధ్య గుండెపోటు, పక్షవాతం, ఆపరేషన్, ఎముక విరగడం లాంటివి జరిగినవారు, స్పృహ తప్పినవారు, కారణం తెలియకుండా పడిపోయినవారు, బీపీ అదుపులో లేనివారు ఈ కోవలోకి వస్తారు.

మందుల సంగతి కూడా చూసుకోవాలి. బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని పెరగనివ్వవు. అవి వాడేవారు చేతి వాచీలో కనిపించే పల్స్ అంకెను బట్టి ఎంత శ్రమపడుతున్నామో లెక్కగట్టడం తప్పుతుంది. కొన్ని బీపీ మందులవల్ల లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. ఐదు నిమిషాలు పడుకుని బీపీ చూసుకోండి. తర్వాత లేచి నిలబడి, మూడు నిమిషాల లోపు మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి. ఇన్సులిన్ తీసుకునేవారు షుగర్ 90 కంటే తక్కువగా ఉన్నప్పుడు వ్యాయామం మొదలుపెట్టకూడదు. ఎముకలు గుల్లబారినవారు నడుమును ముందుకు బాగా వంచేవి, వంగి మెలితిప్పేవి మానుకోవాలి. మిగతావి చేయవచ్చు. నిజానికి అలాంటివారికే వీటి అవసరం ఎక్కువ.

రెండో మెట్టు: ఇప్పుడు ఎక్కడున్నారో కొలుచుకోండి

కొలవకుండా మొదలుపెడితే నెల తర్వాత "ఏమో, తేడా ఏమీ తెలియడంలేదు" అని మానేస్తారు. కింది మూడు పరీక్షలకు గోడ గడియారమో ఫోనో చాలు. పక్కన ఒక మనిషి మాత్రం తప్పకుండా ఉండాలి.

మొదటిది 30 సెకన్ల కుర్చీ పరీక్ష. చేతుల్లేని, చక్రాల్లేని, సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న కుర్చీని గోడకు ఆనించండి. చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని పూర్తిగా లేచి నిలబడి, మళ్లీ కూర్చోవాలి. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచారో లెక్కపెట్టండి. చేయి ఊనాల్సి వస్తే ఈ పరీక్షలో మీ లెక్క సున్నా. అమెరికాలో పెద్దవాళ్లు పడిపోకుండా చూసే ఆరోగ్య కార్యక్రమంలో వాడే అంకెలు ఇవి. వీటికంటే తక్కువ వస్తే ఆ వయసువారి సగటు కంటే తక్కువని అర్థం.

- 60–64 ఏళ్లు: మగవారికి 14, ఆడవారికి 12
- 65–69: 12, 11
- 70–74: 12, 10
- 75–79: 11, 10
- 80–84: 10, 9
- 85–89: ఇద్దరికీ 8

రెండోది నిలకడ పరీక్ష. వంటగట్టు పక్కన నిలబడి నాలుగు రకాలుగా పాదాలు పెట్టాలి. ముందు రెండు పాదాలూ పక్కపక్కన ఆనించి, తర్వాత ఒక పాదాన్ని సగం ముందుకు జరిపి, ఆపైన ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు తగిలేలా ఒకే గీతలో, చివరికి ఒంటికాలి మీద. ఒక్కోటి 10 సెకన్లు. మూడోది పది సెకన్లు నిలవలేకపోతే పడిపోయే ముప్పు ఎక్కువగా ఉన్నట్టు.

మూడోది లేచి నడిచే పరీక్ష. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు మీ మామూలు నడకతో వెళ్లి, తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు లేదా అంతకు మించి పడితే జాగ్రత్తపడాలి.

మూడు అంకెలనూ తేదీ వేసి కాగితం మీద రాసుకోండి.

మూడో మెట్టు: కుర్చీలోంచి లేవడం

ఒక్క వ్యాయామమే చేస్తానని ఎవరైనా పట్టుబడితే నేను చెప్పేది ఇదే. తొడలు, పిరుదులు, నడుము అన్నీ ఇందులో పనిచేస్తాయి. పైగా రోజూ ఎన్నోసార్లు చేసే పని కాబట్టి, వచ్చిన బలం అప్పటికప్పుడే అక్కరకొస్తుంది.

కుర్చీ అంచుకు జరగండి. పాదాలను మోకాళ్లకంటే కాస్త వెనక్కి లాగి, రెండింటి మధ్య భుజాల వెడల్పులో ఎడం ఉంచండి. చాలామంది తడబడేది ఇక్కడే. పాదాలు ముందుకు చాచి ఉంచి లేవబోతారు, అలా ఎవరికీ సాధ్యం కాదు. ఇప్పుడు వీపు నిటారుగానే ఉంచి, తుంటి దగ్గర ముందుకు వంగండి. ముక్కు కాలివేళ్ల పైకి వచ్చేదాకా వంగాలి. బరువు పాదాల మీదికి వచ్చినట్టు తెలుస్తుంది. అప్పుడు మడమలతో నేలను నెడుతూ, నోటితో గాలి వదులుతూ లేవండి. మోకాళ్లు లోపలికి వాలకుండా రెండో వేలి వైపే ఉండాలి. పూర్తిగా నిటారుగా నిలబడి ఒక క్షణం ఆగండి.

కూర్చోవడం లేవడం కంటే ముఖ్యం. దబ్బున కూలబడకండి. నడుమును వెనక్కి పంపుతూ, మనసులో మూడో నాలుగో అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దిగండి. ఆ దిగే బలమే మెట్లు దిగేటప్పుడు మిమ్మల్ని కాపాడేది. ఊపిరి బిగబట్టకండి, బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది.

ఒక్కసారి కూడా లేవలేకపోతున్నారా? కుర్చీ మీద గట్టి దిండ్లు వేసి ఎత్తు పెంచండి, లేదా చేతులున్న కుర్చీ వాడి రెండు చేతులూ ఊని లేవండి, దిగేటప్పుడు మాత్రం చేతుల సాయం వీలైనంత తగ్గించండి. వారాలు గడిచేకొద్దీ రెండు చేతుల నుంచి ఒక చేతికి, ఒక చేతి నుంచి రెండు వేళ్లకు, చివరికి ఏమీ లేకుండా. ఆ తర్వాత దిండ్లు ఒక్కొక్కటే తీసేయండి.

తేలిగ్గా అయిపోతుంటే దాన్ని కష్టం చేయాలి. ఒక పాదాన్ని కొంచెం ముందుకు పెడితే వెనక కాలి మీద బరువు పెరుగుతుంది. లేదా తక్కువ ఎత్తున్న ఆసనం వాడండి, ఛాతీకి హత్తుకుని రెండు కిలోల సంచి పట్టుకోండి.

ఎన్నిసార్లంటే, 8 నుంచి 12 సార్లు ఒక సెట్టు, రెండు సెట్లు, మధ్యలో ఒకటి రెండు నిమిషాల విశ్రాంతి. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు ఎడం. సెట్టు చివర "ఇంకో రెండు మూడు మాత్రమే చేయగలను" అనిపించేంత కష్టం ఉండాలి. పన్నెండు పూర్తయ్యాక ఇంకో పది చేయగలననిపిస్తే అది కండను పెంచదు. మార్పు తెచ్చుకోండి.

మోకాళ్ల నొప్పులున్నవారికి ఒక మాట. అరిగిన మోకాలికి ఎక్కువకాలం విశ్రాంతి మంచిది కాదు. తొడ కండరం బలపడితే ఆ కీలు మీద పడే భారం కొంత తగ్గుతుంది. పదికి మూడు నాలుగు మార్కులు మించని నొప్పి, మరుసటి రోజు ఉదయానికి మామూలు స్థితికి వచ్చేదైతే కొనసాగించవచ్చు. మరునాటికి కూడా ఎక్కువగానే ఉన్నా, మోకాలు వాచినా కుర్చీ ఎత్తు పెంచండి, సంఖ్య తగ్గించండి. పూర్తిగా మానకండి.

నాలుగో మెట్టు: మిగతా బలం

వీటి గురించి తక్కువ చెప్పినా సరిపోతుంది.

వంటగట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేచి, మెల్లగా మడమలు దించండి, 10 నుంచి 15 సార్లు. పిక్కలకు మంచిది. తర్వాత మడమల మీద నిలబడి వేళ్లు పైకెత్తండి. నడకలో పాదం ముందుభాగం నేలకు తట్టుకోవడం తగ్గడానికి ఇదే మందు, దీన్ని దాదాపు ఎవరూ చేయరు. అదే గట్టు పట్టుకుని కాలిని పక్కకు ఎత్తడం తుంటి పక్కకండరాలకు. రెయిలింగ్ దగ్గర మొదటి మెట్టు ఎక్కి దిగడం, ఒక్కో కాలికి ఎనిమిది సార్లు.

పై ఒంటికి గోడకు చేతులు ఆనించి ముందుకు వాలి, వెనక్కి నెట్టుకోవడం చాలు. తేలికైతే గోడ బదులు వంటగట్టు. దీనికి జోడీగా తలుపు గడియకు కాదు, కదలని బరువైన దేనికైనా కట్టిన రబ్బరు బ్యాండ్‌ను పొట్టవైపు లాగండి. ఇక రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుని నిటారుగా నడవడం. చేతికి ఒక కిలోతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. మూత తీసే పట్టు, సామాను మోసే ఓపిక దీంతో వస్తాయి.

ఐదో మెట్టు: నిలకడ

వైద్య అధ్యయనాలను కలిపి విశ్లేషించే కోక్రేన్ సంస్థ 2019లో వెలువరించిన ఒక సమీక్ష 108 అధ్యయనాల ఫలితాలను కలిపి చూసింది. వ్యాయామం చేసిన పెద్దవాళ్లలో పడిపోవడాలు సుమారు 23 శాతం తగ్గాయి. నిలకడ సాధన, బలం పెంచే వ్యాయామాలు కలిపి చేసినచోట తగ్గుదల ఇంకా ఎక్కువ. నడక ఒక్కటే పడిపోవడాలను తగ్గిస్తుందా అన్నది మాత్రం ఆ సమీక్ష తేల్చలేకపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కూడా 65 దాటినవారికి నిలకడ, బలం కలిసిన వ్యాయామం వారానికి మూడు రోజులైనా ఉండాలంటున్నాయి.

నిలకడ సాధనకు ఒక నియమం ఉంది: తూలబోతున్నట్టు అనిపించాలి, కానీ పడిపోయే అవకాశం ఉండకూడదు. ఏ తడబాటూ లేకుండా నిలబడగలిగితే శరీరం నేర్చుకునేదేమీ లేదు. అందుకని ఎదురుగా వంటగట్టు, వెనకాల కుర్చీ ఉండేలా నిలబడండి. పరీక్షలో పది సెకన్లు నిలవలేకపోయిన భంగిమతోనే మొదలుపెట్టండి. ముందు రెండు చేతులతో గట్టు పట్టుకుని, తర్వాత ఒక చేత్తో, తర్వాత ఒక వేలితో, ఆపైన చేతులు గట్టుకు పైన గాలిలో ఉంచి.

అది అలవాటయ్యాక తలను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. గట్టు వెంబడి మడమ, వేళ్లు తగిలేలా గీత మీద నడవండి, పక్కకు అడుగులు వేయండి, వెనక్కి నడవండి. ఇంకో మెట్టు పైకి వెళ్లాలంటే నడుస్తూ వంద నుంచి మూడేసి తీసేస్తూ లెక్కపెట్టండి. పెద్దవాళ్లు చాలాసార్లు పడేది ఏదో ఆలోచిస్తూనో, ఎవరో పిలిస్తే తిరుగుతూనో. మనసు వేరేచోట ఉన్నా కాళ్లు తమ పని తాము చేసుకోవడం నేర్చుకోవాలి. కళ్లు మూసుకుని చేసేవి మాత్రం గది మూలలో, పక్కన మనిషి ఉన్నప్పుడే.

ఆరో మెట్టు: నేల మీద నుంచి లేవడం

ఈ విషయం చాలా వ్యాయామ పుస్తకాలు వదిలేస్తాయి. పడిపోయినవారికి దెబ్బ పెద్దగా తగలకపోయినా, లేవలేక గంటల తరబడి నేల మీదే ఉండిపోవడం వల్ల వచ్చే ప్రమాదం తక్కువ కాదు. ఆ భయంతోనే కొందరు బయటకు వెళ్లడం మానేస్తారు, అలా కదలక బలం ఇంకా తగ్గుతుంది. లేవగలనన్న ధైర్యం ఉంటే ఆ చక్రం అక్కడ తెగుతుంది.

చేయి ఊనకుండా కుర్చీలోంచి ఎనిమిదిసార్లు లేవగలిగాక దీన్ని మొదలుపెట్టండి. మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవారు మోకాలి మీద నిలబడటం గురించి ముందు సర్జన్‌ను అడగాలి. గోడకు ఆనించిన గట్టి కుర్చీ, నేల మీద మందపాటి దుప్పటి, పక్కన మనిషి కావాలి.

ఒక్కసారిగా కింద పడుకుని లేవడానికి ప్రయత్నించకండి. పై నుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగుతూ, దిగిన ప్రతిచోటి నుంచీ లేవడం సాధన చేయాలి. మొదటివారం కుర్చీ ఆసనం మీద రెండు చేతులూ పెట్టి, ఒక కాలు వెనక్కి వేసి సగం దిగి, లేవండి. అది సులువయ్యాక వెనక మోకాలిని దిండు మీద ఆనించి లేవండి. ఆ తర్వాత రెండు మోకాళ్ల మీదికి. తర్వాత చేతులు, మోకాళ్ల మీదికి. ఆపైన పక్కకు ఒరిగి కూర్చోవడం. చివరికి పడుకోవడం. ఒక్కో దశకు వారం పట్టవచ్చు, నెల పట్టవచ్చు.

పడుకున్న చోటి నుంచి పూర్తిగా లేచే క్రమం ఇలా ఉంటుంది. పక్కకు దొర్లండి. కింద ఉన్న మోచేయి, పైన ఉన్న అరచేయి నేలకు నొక్కి పక్కకు లేచి కూర్చోండి. చేతులు, మోకాళ్ల మీదికి రండి. కుర్చీ దగ్గరికి పాకండి. రెండు చేతులూ ఆసనం మీద పెట్టండి. బలమైన కాలి పాదాన్ని ముందుకు తెచ్చి నేలకు ఆనించండి. చేతులతో, ఆ కాలితో కలిపి నెట్టి లేచి, తిరిగి కుర్చీలో కూర్చోండి. వెంటనే నడవకండి, ఒక నిమిషం ఆగండి.

నిజంగా పడిపోయినప్పుడు మాత్రం హడావుడిగా లేవకూడదు. ముందు ఊపిరి తీసుకుని, ఒళ్లంతా ఒకసారి చూసుకోండి. తుంటి దగ్గర తీవ్రమైన నొప్పి ఉన్నా, కాలు పొట్టిగా కనిపించినా, బయటికి తిరిగిపోయినట్టున్నా కదలకుండా సాయం పిలవాలి. రక్తం పలచబరిచే మందులు వాడేవారికి తలకు దెబ్బ తగిలితే, పైకి బాగానే ఉన్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇంట్లోవాళ్లకు కూడా ఒక మాట. నాన్నగారు లేవబోతుంటేనే చేయి అందించడం, అమ్మ చేతిలోని గిన్నె లాక్కోవడం ప్రేమతో చేసే పనులే. కానీ రోజుకు ఇరవైసార్లు లేవాల్సిన మనిషిని ఇరవైసార్లూ మీరే లేపితే ఆ కాళ్లకు ఉన్న వ్యాయామం కూడా పోతుంది. దగ్గర నిలబడండి, అవసరమైతేనే పట్టుకోండి.

ఏడో మెట్టు: ఇప్పుడు నడక

వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థంగా శ్రమపడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మాట్లాడగలిగి, పాట పాడలేనంత ఆయాసం ఉంటే అది మధ్యస్థం. కబుర్లు చెప్పుకుంటూ తీరిగ్గా వేసే అడుగులు ఇందులోకి రావు. ఒకేసారి పది నిమిషాలైనా నడవాలన్న పాత నిబంధనను ఇప్పుడు తీసేశారు. మూడేసి నిమిషాలు రోజుకు ఐదారుసార్లు నడిచినా లెక్కలోకి వస్తుంది. ఓపికున్నవారు ఒక నిమిషం వేగంగా, రెండు నిమిషాలు మామూలుగా మార్చి మార్చి నడవండి.

వారం ఎలా గడవాలి

సోమ, గురువారాలు బలం, ఒక్కోసారి అరగంట. శనివారం ఓపిక ఉంటే మూడోసారి. నిలకడ సాధన రోజూ ఐదు నిమిషాలు, పళ్లు తోముకునేటప్పుడు గట్టు దగ్గర చేసినా సరే. నేల మీద నుంచి లేవడం వారానికి రెండుసార్లు, బలం వ్యాయామాల తర్వాత కాదు, ముందు. అలసిన కాళ్లతో దాన్ని చేయకూడదు. మిగతా రోజులు నడక. వ్యాయామం అయ్యాక పిక్కలను, తొడ వెనకభాగాన్ని ఒక్కోటి 30 నుంచి 60 సెకన్లు సాగదీస్తే చాలు.

ఆరు వారాలు దాటాక ఒక మార్పు: కుర్చీలోంచి లేచేటప్పుడు వీలైనంత వేగంగా లేచి, దిగేటప్పుడు మెల్లగా దిగండి. తగ్గిపోయిన చురుకుదనం తిరిగి రావడానికి ఈ వేగమే మార్గం.

కండ పెరగడానికి ప్రొటీన్ కూడా కావాలి. పెద్దవాళ్లకు ఒంటి బరువులో కిలోకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు అవసరమన్నది నిపుణుల మాట. కిడ్నీ జబ్బున్నవారు దీన్ని డాక్టర్ చెప్పినట్టే పాటించాలి.

జ్వరమొచ్చినా, ఆసుపత్రిలో పడినా

2007లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచి చూశారు. అన్ని రోజుల్లోనే కాళ్లలో దాదాపు కిలో కండ తగ్గింది. కాబట్టి మంచం పట్టినప్పుడు, డాక్టర్ వద్దనకపోతే, పాదాలు పైకీ కిందికీ ఆడించడం, తొడలు బిగించి వదలడం, రోజుకు కొన్నిసార్లు మంచం అంచున కూర్చోవడం చేయాలి. కోలుకున్నాక పాత సంఖ్యలో సగంతో, ఎత్తు కుర్చీతో మళ్లీ మొదలుపెట్టండి.

వ్యాయామం మధ్యలో ఛాతీలో బిగుతు, చల్లటి చెమట, కళ్లు తిరగడం, మాట తడబడటం, ఒకవైపు చేయో కాలో బలహీనపడటం కనిపిస్తే వెంటనే ఆపి వైద్య సాయం కోరాలి. "కాసేపటికి తగ్గుతుందిలే" అని చూడకండి.

ఎనిమిది వారాలకు అవే మూడు పరీక్షలు, అదే కుర్చీ, అదే చోట మళ్లీ చేయండి. కుర్చీ లెక్క ఒకటి రెండు పెరిగినా అది మంచి మార్పే. ఏమీ పెరగకపోతే ముందు చూసుకోవాల్సింది వ్యాయామాన్ని కష్టం చేస్తూ వచ్చారా, లేక మొదటిరోజు చేసినట్టే చేస్తున్నారా అన్నది. కష్టం పెంచినా అంకె కదలకపోతే ఫిజియోథెరపిస్ట్‌కు ఆ కాగితం చూపించండి.